ఇల్లు ఆగుతుంది, నారు ఆగదు

పాత ఇల్లు బాగు చేయించుకునే ఏడాది కూరగాయల జోలికి పోవద్దని, ఆ ఒక్క ఏడాదికి నేలను ఖాళీగా వదిలి ముందు ఇంటి పని ముగించుకోమని మాకు చాలామంది చెప్పారు. అలా చెప్పినవాళ్ళలో సొంత చేత్తో ఇళ్ళు కట్టించినవాళ్ళున్నారు, వ్యవసాయంలో తలపండినవాళ్ళున్నారు. మా పెద్ద మామయ్యగారైతే విజయవాడ నుంచి ఫోను చేసి, "ముందు గోడలు నిలబెట్టుకోండమ్మా, వంకాయలెక్కడికి పోతాయి" అన్నారు. ఆయన మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు, ఎందుకంటే ఆయన పెంకుటింటిని డాబాగా మార్పించుకున్న మనిషి, మిరప పండించిన మనిషి. అయినా ఆలోచించిన కొద్దీ ఆ సలహాలో వరుస తారుమారైందని నాకు గట్టిగా అనిపిస్తోంది. గోడలు నెల రోజులు ఆగగలవు. మార్చిలో పోయవలసిన నారు ఏప్రిల్ చివరి దాకా ఆగలేదు. కాబట్టి ఇంటి పనుల్లో ఏది ముందు, ఏది వెనుక అన్నది నారును బట్టి నిర్ణయించుకోవాలి తప్ప, ఇంటి పని తెమిలాక దొరికే తీరికలో నారు పోసుకుంటామనుకుంటే ఆ ఏడాది పంట లేనట్టే.

రెండు పనులూ ఒకే నెలలో

మామయ్యగారి సలహా ఆయన ఉన్న చోట నూటికి నూరుపాళ్ళు సరైనదే. మన ఊళ్ళలో ఇంటి పని ఎండాకాలం పని. పెంకులు సర్దించడం, తాటాకు కప్పు మార్చడం, గోడలకు సున్నం వేయడం అన్నీ రోహిణి కార్తె ఎండల్లోపే అయిపోతాయి. వానలు మొదలయ్యే మృగశిరకు మనుషులు పొలం వైపు తిరుగుతారు. గుంటూరు, ఖమ్మం వైపు మిరప నారు పోసేది జూలై, ఆగస్టు నెలల్లో. ఇంటికీ నారుమడికీ నడుమ కాలమే ఒక గట్టు వేసి పెట్టింది, అందుకే అక్కడ ఒకటి ముగించి రెండోది మొదలుపెట్టమనడం సహజమైన మాట.

మేమున్న ఫింగర్ లేక్స్ ప్రాంతంలో, అంటే అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు మధ్య, పశ్చిమ భాగంలో, ఆ గట్టు లేదు. మొక్కలను మాడ్చేసే రాత్రి మంచు ఇక్కడ మే మూడో వారం వరకూ పడుతుంది, పల్లపు నేలల్లో ఒక్కో ఏడాది జూన్ మొదట్లోనూ పడుతుంది. అక్టోబరు వచ్చేసరికి మళ్ళీ మొదలవుతుంది. వంగ, మిరప నారు నేలలోకి వెళ్ళే సమయానికి 8 నుంచి 10 వారాల వయసుండాలి, టమాటాకు 6 నుంచి 8 వారాలు చాలు. వెనక్కి లెక్క వేసుకుంటే బయట మోకాలి లోతు మంచు ఉండగానే, ఉగాదికి కాస్త అటూ ఇటూగా, ఇంటి లోపల విత్తనాలు పడాలి. బీర, సొర, కాకర వంటి తీగ జాతులకు వేళ్ళు కదిపితే గిట్టదు కాబట్టి వాటిని ఏప్రిల్ చివర విడివిడి కప్పుల్లో పెడతాము. గోంగూర కూడా ఏప్రిల్‌లోనే.

సరిగ్గా అవే వారాల్లో దారులు గట్టిపడి, పనివాళ్ళు తేలిగ్గా దొరకడం మొదలవుతుంది. చలికాలంలో ఎంతో బతిమాలితే గానీ రానివాళ్ళు మార్చిలో ఒక్కసారిగా వస్తామంటారు. కిటికీలు తీసి మార్చడానికీ, గోడలు విప్పి లోపల ఉష్ణరక్షణ పొరలు నింపడానికీ, ఇంటిని వేడి చేసే పాత ఫర్నేస్ పీకి కొత్తది పెట్టడానికీ అదే అదను. అందువల్ల ఇల్లంతా విప్పి ఉన్న రోజులూ, ఇంట్లో వెచ్చగా వెలుతురుగా ఉండి తీరవలసిన రోజులూ ఒక్కటే అవుతాయి. మిరప విత్తనం మట్టి వేడి 25 డిగ్రీలుంటే సుమారు 8 రోజుల్లో మొలుస్తుంది, 15 డిగ్రీల దగ్గర సుమారు 25 రోజులు తీసుకుంటుంది. ఫర్నేస్ లేని ఇంట్లో మార్చి నెలలో 15 డిగ్రీలు కూడా గగనమే. అన్ని రోజులు తడి మట్టిలో చల్లగా ఉన్న గింజ మొలవకముందే కుళ్ళిపోతుంది, మొలిచినా నారుకుళ్ళు పట్టి మెడ దగ్గర సన్నబడి ఒరిగిపోతుంది.

ఇదంతా చెప్పాక, "అందుకే కదా ఈ ఏడాదికి వదిలేయమన్నది" అని మామయ్యగారు అన్నారు. నేను అక్కడి నుంచి వేరే దారిలో వెళ్ళాను.

కొనుక్కోవచ్చు కదా

ఈ ప్రశ్న అడగనివారు లేరు. మే నెల వచ్చేసరికి ఇక్కడి ప్రతి పెద్ద దుకాణం ముందూ నారు అరల నిండా ఉంటుంది. టమాటాలోనూ, లావు క్యాప్సికంలోనూ నాణ్యమైన మొక్కలే దొరుకుతాయి, మా ఊరి చిన్న నర్సరీలో నేను కూడా కొంటాను. కానీ వంకాయ అంటే అక్కడ ఉండేది 1902 నుంచి అమెరికన్లు పెంచుతున్న బ్లాక్ బ్యూటీ, అరచేతిలో ఇమడనంత కాయ. గుత్తి వంకాయకు పనికొచ్చే చిన్న రకం, పసుప్పచ్చగా గుండ్రంగా ఉండే పప్పు దోసకాయ, ఎండబెట్టి కారం కొట్టుకోదగ్గ మిరప, గోంగూర, బచ్చలి ఏ అరలోనూ ఉండవు. గోంగూర విషయంలో మరో చిక్కు ఉంది. అది పగలు కురచయ్యే కాలంలో పూతకు వచ్చే మొక్క, ఇక్కడ పూత పట్టే సమయానికి మంచు పడిపోతుంది. కాబట్టి విత్తనం కట్టుకోవడం కుదరదు, ఏటా గింజ కొని ఏటా ఇంట్లోనే మొలకెత్తించుకోవాలి. ఒక ఏడాది మానేయడమంటే ఆ ఏడాది గోంగూర లేకపోవడమే, దానికి బదులు దొరికేది ఇంకొకటి లేదు.

కొన్న నారు గురించి నాకున్న రెండో అభ్యంతరం 2009 నాటిది. ఆ ఏడాది అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో టమాటా, బంగాళాదుంప పంటలను లేట్ బ్లైట్ తెగులు ఊడ్చిపెట్టింది. 1845లో ఐర్లండును కరువులోకి నెట్టినది కూడా శిలీంధ్రాన్ని పోలిన సూక్ష్మజీవి తెచ్చే ఈ తెగులే. ఆ ఏడాది అది అంత త్వరగా, అంత దూరం పాకడానికి ఒక ముఖ్య కారణం పెద్ద దుకాణాల్లో అమ్మిన టమాటా నారే. ఒకే చోట పెరిగి అనేక రాష్ట్రాలకు చేరిన మొక్కలతో పాటు తెగులూ చేరింది, ఆపైన ఆ వేసవి చల్లగా వానలతో గడవడం దానికి కలిసొచ్చింది. ప్రతి ఏడాదీ అలా జరుగుతుందని నేను అనడం లేదు. ఇంట్లో పోసుకున్న నారుకు మాత్రం పక్క రాష్ట్రపు తెగులు అంటుకుని వచ్చే మార్గం లేదు.

ఇంకో చిన్న సంగతి. ఇక్కడ వంగ మొక్కకు మొదటి శత్రువు ఆకులను జల్లెడలా తూట్లు పొడిచే ఎగిరి దూకే చిన్న నల్ల పెంకు పురుగు. లేత మొక్కను అది నాలుగు రోజుల్లో చంపేస్తుంది. 10 వారాలు పెరిగి కాండం ముదిరిన మొక్క దాన్ని తట్టుకుంటుంది. ఆ వయసు, ఆ దిట్టదనం మన చేతిలో ఉండాలంటే మార్చిలో గింజ మన చేతులమీదుగానే పడాలి.

నన్ను నిజంగా ఆపిన కారణం

వెలుతురు చాలదన్నా, చలి అన్నా, తీరిక లేదన్నా నేను ఆగేదాన్ని కాదు. నన్ను ఆలోచనలో పడేసింది దుమ్ము. మా ఇల్లు 1880ల నాటిది. అమెరికాలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం (లెడ్) అనే విషపు లోహాన్ని నిషేధించింది 1978లో. 1940కి ముందు కట్టిన ఇళ్ళలో 87 శాతం ఇళ్ళలో ఎక్కడో ఒక చోట సీసపు రంగు ఉంటుందని ఇక్కడి పర్యావరణ సంస్థ అంచనా. గోడను ఇసుక కాగితంతో రుద్దినా, పాత కిటికీ చట్రాన్ని పీకినా ఆ రంగు కంటికి కనిపించనంత సన్నని దుమ్ముగా లేస్తుంది. 2010 ఏప్రిల్ నుంచి 1978కి ముందరి ఇళ్ళలో డబ్బు తీసుకుని ఇటువంటి పని చేసే ప్రతి కాంట్రాక్టరుకూ ప్రత్యేక శిక్షణ, ధ్రువపత్రం తప్పనిసరి. సొంత ఇంట్లో సొంతంగా పని చేసుకునేవారికి ఆ నియమం వర్తించదు, ప్రమాదం మాత్రం అంతే ఉంటుంది. మాకు అయిదేళ్ళ అమ్మాయి ఉంది. ఆరేళ్ళలోపు పిల్లల మెదడు మీద సీసం చేసే హాని తిరిగి సరిదిద్దలేనిది.

మా వారి వాదన ఇక్కడ చాలా బలమైనది. నారు పోస్తే పాప రోజూ ఆ ట్రేల దగ్గరే ఉంటుంది, మట్టిలో వేళ్ళు పెడుతుంది, ఆ వేళ్ళు నోట్లోకి పోతాయి, కాబట్టి పని జరుగుతున్న ఇంట్లో పిల్లలను మట్టికి దగ్గర చేసే ఏ పనీ వద్దు అన్నారు. ఈ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఇప్పటికీ ఈ విషయంలో ఆయన భయం న్యాయమైనదనే అంటాను. కానీ ఆ వాదనను చివరి దాకా తీసుకెళితే పాప అసలు ఆ ఇంట్లో ఉండకూడదు. నారు ఉన్నా లేకపోయినా దుమ్ము ఉంటే అది నేల మీద, కిటికీ గడప మీద, బొమ్మల మీద ఉంటుంది. మేము తేల్చుకోవలసింది పాప తిరిగే చోటికి దుమ్ము రాకుండా చేయగలమా లేదా అన్నది. అది చేయగలిగితే నారుకూ ఆ చోటే సరిపోతుంది. చేయలేకపోతే నారు సంగతి అటుంచి మేమే వేరే ఇల్లు అద్దెకు తీసుకోవాలి. పని మొదలు కాకముందు పాపకు రక్త పరీక్ష చేయించాము, పని జరుగుతుండగా మళ్ళీ చేయిస్తున్నాము. పాత ఇల్లు కొన్న ప్రతి తల్లిదండ్రులూ చేయించి తీరాలి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ (సీడీసీ) 2021 నుంచి పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు ఉంటే జాగ్రత్త పడవలసిన స్థాయిగా చూస్తోంది.

దుమ్ము కన్నా ఎక్కువ కాలం నిలిచేది గోడ వారన ఉన్న నేల. నూట నలభై ఏళ్ళుగా గీకిన రంగు, చూరు నీళ్ళతో కడిగిన రంగు అంతా గోడకు రెండు మూడు గజాల లోపు మట్టిలోనే ఉండిపోతుంది. దక్షిణపు గోడ వార ఎండ బాగా పడుతుంది, వంగకు, మిరపకు అంతకన్నా వెచ్చని చోటు ఉండదు, అందుకే అందరి చేతులూ అక్కడికే పోతాయి. అక్కడ పెట్టవద్దని నేను గట్టిగా చెబుతాను. ఇళ్ళ దగ్గరి మట్టిలో సీసానికి హెచ్చరిక స్థాయిని 2024లో పర్యావరణ సంస్థ 400 పీపీఎం (పది లక్షల పాళ్ళ మట్టిలో 400 పాళ్ళు) నుంచి 200కు తగ్గించింది. వంకాయ, మిరప వంటి కాయల్లోకి సీసం వెళ్ళేది తక్కువే. ఆకుకూరలకూ దుంపలకూ మట్టి నేరుగా అంటుకుంటుంది, దుమ్ము ఆకు ముడతల్లో నిలుస్తుంది. గోంగూర, బచ్చలి మనం కట్టలు కట్టలుగా తినే ఆకులు. వాటిని ఇంటికి దూరంగా, కొత్త మట్టి పోసిన ఎత్తు మడుల్లోనే పెడుతున్నాము.

అటక మీది వెర్మిక్యులైట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నారు మట్టిలో కలుపుకోవడానికి మనం కొనే తేలికైన మెరిసే ఆ ఖనిజమే పాత ఇళ్ళ అటకల్లో చలి ఆపడానికి బస్తాల కొద్దీ పోసి ఉంటుంది. చూడగానే ఉచితంగా దొరికిందనిపిస్తుంది. మా ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన కూడా, ఊరికే పారేయడం దేనికి, ట్రేలలోకి వాడుకోవచ్చు కదా అన్నారు. 1919 నుంచి 1990 దాకా ఈ దేశంలో అమ్మిన వెర్మిక్యులైట్‌లో 70 శాతానికి పైగా మోంటానా రాష్ట్రంలోని లిబ్బీ గని నుంచి వచ్చింది, ఆ గనిలో పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రాణాంతకమయ్యే ఆస్‌బెస్టాస్ కలిసి ఉంది. అటకలో ఉన్నదాన్ని ఆస్‌బెస్టాస్ ఉన్నట్టుగానే భావించి ముట్టుకోకుండా వదలాలి, తీయించవలసి వస్తే అర్హత ఉన్నవారి చేతనే తీయించాలి. ఇప్పుడు దుకాణాల్లో తోటల కోసం అమ్మేది వేరే గనులది.

గాలిలో కనిపించనిది

డ్రైవాల్ (గోడకు బిగించే జిప్సం పలకల) అతుకులకు పూసిన పూత త్వరగా ఆరాలని పనివాళ్ళు ఒక సాయంత్రం కింది హాల్లో పొగగొట్టం లేని ప్రొపేన్ హీటర్ పెట్టి వెళ్ళారు. ఇల్లు వెచ్చబడింది కాబట్టి నారుకు మేలే జరిగిందనుకోవాలి. తెల్లారేసరికి మెట్ల పై గదిలోని టమాటా ఆకులన్నీ కాడల దగ్గర నుంచి కిందికి వంగి ఉన్నాయి. నీరు చాలనప్పుడు వాలినట్టు వాలలేదు, మట్టి తడిగానే ఉంది, ఆకు గట్టిగానే ఉంది, కాడ మాత్రం కిందికి మెలి తిరిగింది. వంగ, మిరప మొక్కల్లో అంత మార్పు లేదు.

ఇది ఎథిలీన్ చేసే పని. ఇంధనం పూర్తిగా మండనప్పుడు వెలువడే వాయువుల్లో అదొకటి, పళ్ళను పండించేదీ అదే. రష్యాలో దిమిత్రీ నెల్యుబోవ్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో బఠాణీ మొలకలు నిటారుగా పెరగకుండా పక్కకు వంగుతుంటే, దీపాల గ్యాసులో ఉన్న ఎథిలీన్ దానికి కారణమని 1901లో తేల్చాడు. టమాటా దీనికి ఎంత సున్నితమంటే, మనిషి ముక్కు పసిగట్టలేనంత తక్కువ మోతాదుకే ఆకులు వంచేస్తుంది. అదే హీటర్ కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా వదులుతుంది, అది మనుషులను చంపే వాయువు. హీటర్ తీసేయించి కిటికీ తెరిచాక కొద్ది రోజుల్లో మొక్కలు తేరుకున్నాయి. ఆ తర్వాత పూత ఆరడానికి విద్యుత్ హీటరూ, ఫ్యాన్లూ వాడమని పనివాళ్ళను కోరాము, వాళ్ళు ఒప్పుకున్నారు. పని ఒక రోజు వెనుకబడింది. టమాటా ఆకులు వాలి ఉండకపోతే ఆ హీటర్ ఇంకెన్ని రాత్రులు వెలిగేదో, మా గదుల్లో గాలి ఎలా ఉండేదో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

ఒక్క గది ముందు

ఈ ఆలోచనలన్నీ నన్ను తీసుకొచ్చిన చోటు ఇది: నారు కోసం ఒక గదిని అన్నిటికన్నా ముందు, చలికాలంలోనే, పూర్తిగా ముగించాలి. వంటగది కన్నా ముందు, హాలు కన్నా ముందు. సగం అయిన నాలుగు గదుల కన్నా తలుపు మూసుకోగల ఒక్క గది విలువైనది. ఈ మాట మా కాంట్రాక్టరుకు మొదట నచ్చలేదు. గోడల పనంతా ఒకేసారి, రంగులన్నీ ఒకేసారి చేస్తేనే ఆయనకు గిట్టుబాటు, ఒక్క గది కోసం అన్ని పనులవాళ్ళనూ రెండుసార్లు రప్పించాలంటే ఖర్చు పెరుగుతుందన్నారు. పెరిగింది కూడా. ఆ ఖర్చును నేను విత్తనాల ఖాతాలో రాసుకోను, ఎందుకంటే పని జరిగిన నెలల్లో మేము ముగ్గురం దుమ్ము లేకుండా పడుకున్నది కూడా ఆ గదిలోనే.

అటువంటి గదికి కావలసినవి తక్కువే కానీ ఏ ఒక్కటీ వదలడానికి వీల్లేదు. ఫర్నేస్ గాలి గొట్టాల గుండా ఒక గది దుమ్ము మరో గదికి చేరుతుంది కాబట్టి పని జరిగినన్నాళ్ళూ ఆ గదిలోని గాలి రంధ్రాన్ని మూసి అతికించాలి. తలుపు బయట జిప్పు ఉన్న ప్లాస్టిక్ తెర, గడప దగ్గర తడిబట్ట, అతి సన్నని దుమ్మును కూడా పట్టే హెపా వడపోత ఉన్న వాక్యూమ్ కావాలి. కిటికీ ఎండను నమ్ముకోకూడదు. మార్చిలో ఇక్కడి ఆకాశం ఎక్కువగా మబ్బుగానే ఉంటుంది, కిటికీ దగ్గర పెరిగిన నారు వెలుతురు కోసం సాగి సన్నగా పాలిపోతుంది. అడుగు పొడవు ట్యూబులైట్లు కాదు, ట్రే అంత పొడవున్న ఎల్‌ఈడీ దీపాలు మొక్కలకు దగ్గరగా వేలాడదీసి రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించాలి. ట్రే కింద పరిచే వేడి చాప సుమారు 20 వాట్లే తీసుకుంటుంది, గది చల్లగా ఉన్నా మట్టి వెచ్చగా ఉంటుంది.

కరెంటు దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎవరూ దీన్ని ముందుగా ఆలోచించరు. మా ఇంట్లో చాలా గదులకు పింగాణీ బొడిపెల మీదుగా పాకించిన పాత కాలపు తీగలే ఉండేవి. వాటిని మార్చే పనిలో ఎలక్ట్రీషియన్ రోజుల తరబడి ఇంటి కరెంటు ఆపుతాడు. గింజ మొలిచే వారంలో రెండు రోజులు వేడి, వెలుతురు లేకపోతే మొత్తం పోతుంది. అందుకని ఆ గదికి కొత్త ప్యానెల్ నుంచి విడిగా ఒక లైను ముందుగా లాగించాము. పని చేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంవాడు, దీపాల కోసమని చెప్పగానే వాళ్ళ తాతయ్య బేస్‌మెంటులో ఇలాగే మిరప నారు పెంచేవాడని చెప్పి, మిగతా ఇల్లంతా ఆగినా ఆ ఒక్క లైను ఎప్పుడూ ఆగకుండా చూశాడు. వెళ్ళేటప్పుడు గుంటూరు మిరప మొక్కలు నాలుగు తీసుకెళ్ళాడు.

పని జరిగే ఏడాది రకాలు తగ్గించుకోవాలని మాత్రం ఒప్పుకుంటాను. టమాటా నర్సరీలో కొనవచ్చు, బీన్సు, బెండ, తోటకూర జూన్‌లో నేరుగా నేలలో వేయవచ్చు. కొనడానికి దొరకనివీ, నేరుగా వేస్తే పంట కాలం చాలనివీ మాత్రమే ఆ గదిలోకి రావాలి. మాకు అవి వంగ, మిరప, గోంగూర, దోస, బీర. మే నెలలో వాటిని వారం పది రోజులు రోజూ కాసేపు బయట పెట్టి గాలికి, ఎండకు అలవాటు చేసేటప్పుడు పనివాళ్ళ చెక్కలూ నిచ్చెనలూ ఉన్న వాకిట్లో చోటు దొరకడమే కష్టం. ఆ వారంలో కిటికీ చట్రాలు గీకే పని పెట్టుకోవద్దని ముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఆ రంగు పొరలు ట్రేలలోనే పడతాయి.

అయితే నా మాట అందరికీ వర్తించదు. గదికి తలుపు పెట్టే వీలు కూడా లేనంతగా ఇల్లు విప్పేసిన చోట, లేక ఒక్క గదిని ముందు ముగించడానికి కాంట్రాక్టరు ఒప్పుకోని చోట, ముఖ్యంగా పాకే పిల్లలున్న ఇంట్లో, నారును ఆ ఇంట్లో పోయవద్దనే చెబుతాను. అలాంటివాళ్ళు ఊళ్ళో తెలిసినవాళ్ళ బేస్‌మెంటులో ఒక బల్ల అడగవచ్చు. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామంది అటువంటి బల్ల సంతోషంగా ఇస్తారు, ఇచ్చినందుకు నాలుగు వంగ మొక్కలు తీసుకుంటారు. మామయ్యగారితో ఈ మధ్య మళ్ళీ మాట్లాడినప్పుడు వంటగది నేల పరచడం జూన్ రెండో వారానికి, అంటే నారు పొలంలోకి వెళ్ళాక, వాయిదా వేశామని చెప్పాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. వంటగది లేకుండా ఆ వంకాయలు ఎక్కడ వండుతావని అడిగారు. వరండాలో గ్యాసు పొయ్యి పెట్టామని, కాయలు ఎలాగూ ఆగస్టుకు గానీ రావని చెప్పాను.